అవధానము ఎవరి భారము?

గత శ్రావణమాసమున ఒకనాటి ఉదయము, జిల్లా కేంద్రములోని ఒక పెద్ద ఆసుపత్రిలో, మా వీధి చివరి యింటి కోడలితోను, తొమ్మిదేండ్ల ఆమె కుమారునితోను గూడి, నేనును ఒక బల్లమీద కూర్చుండి టోకెను పిలుపునకై ఎదురు చూచుచుంటిని. ఆమె ఒడిలో బట్టల దుకాణపు ప్లాస్టిక్ సంచి యొకటి యుండెను. అందులో తొమ్మిది కాగితములుండెను. బడి ప్రధానోపాధ్యాయురాలు వ్రాసిన ఉత్తరము, పిల్లల వైద్యుని చీటి, కంటి పరీక్ష, చెవి పరీక్ష, రక్తపరీక్ష, మనస్తత్వ నిపుణురాలు వ్రాసి యిచ్చిన నాలుగు పుటల నివేదిక, థెరపీ కేంద్రమువారి రసీదు, మానసిక వైద్యుని మందుల చీటి, ఆ మందు తనవద్ద లేదని చెప్పి మందుల దుకాణమువాడు మరియొక దుకాణము పేరు గీకి యిచ్చిన చిన్న కాగితపు ముక్క, ఇవి ఆ తొమ్మిది. ఆ పిల్లవాడు బల్లమీదినుండి లేచి మంచినీళ్ల డ్రమ్ము వద్దకును, అక్కడినుండి బరువు తూచు యంత్రముమీదికిని, దానిమీదినుండి మెట్లవద్దకును పోయి వచ్చుచునే యుండెను. యంత్రము ముల్లు కదలుట వానికి వేడుకగా నున్నది కాబోలు, నేను చూచుచుండగానే అయిదుసార్లు దానిపై నిలిచి దిగెను.

మా వంతు వచ్చినది. వైద్యుడు మంచివాడు, ముఖమున విసుగు లేదు. బడిలో టీచరుగారు ఇప్పుడేమనుచున్నారని అడిగెను. సంచిలోని ఉత్తరము ఏడు నెలల నాటిది. మందు మొదలుపెట్టిన తరువాత బరువు తూచినారా యని అడిగెను. ఎవరును తూచలేదు, ఆ ఉదయమే అయిదుసార్లు తూకమెక్కి దిగిన బాలుని బరువు ఏ కాగితముమీదను లేదు. తిరుగుదారిలో బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండి ఆ తల్లి అన్నమాట నాకు నేటికిని చెవిలో మ్రోగుచున్నది: "బాబాయిగారూ, వీణ్ణి చూసినవాళ్లందరూ మంచివాళ్లేనండి. కానీ ఒకరు చెప్పింది ఇంకొకరికి నేనే మోసుకెళ్లి చెప్పాలి. నేనొక్కమాట మర్చిపోయానంటే వాడి వైద్యం అక్కడితో ఆగిపోయినట్టేనండి."

ఈ వ్యాసమునకు మూలము ఆ మాటయే.

అవధానమను పదమునకు మన జాతి యిచ్చిన గౌరవము మరి యే జాతియు ఇచ్చియుండదనుట అతిశయోక్తి కాదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది దిక్కులనుండి ప్రశ్నలు గుప్పించుచుండగా, నడుమ అప్రస్తుతప్రసంగి అడ్డుపడుచుండగా, గంటలు లెక్కించుచు, పద్యపాదములను విడివిడిగా మనస్సున నిలుపుకొని, తుదకు అన్నింటిని ధారణలో అప్పగించువానిని మనము సభలుచేసి సన్మానించుచున్నాము. తిరుపతి వేంకటకవులు ఆ విద్యను ఊరూర ప్రదర్శించి జనులకు చేరువచేసిరి. మనస్సును ఒకచోట నిలుపుట, నిలిపినదానిని అవసరమైనపుడు మరలించుట, మరలించియు మొదటిదానిని జారవిడువకుండుట అను మూడు పనులును సామాన్యులమైన మనము కూడ అల్పప్రమాణమున దినమెల్ల చేయుచునే యున్నాము. కొందరి మెదడు ఈ మూడింటను పుట్టుకనుండి వెనుకబడియుండును. అట్టి స్థితినే వైద్యులు ఏడీహెచ్‌డీ అని పిలుచుచున్నారు. అవధానలోపముతోకూడిన అతిచాంచల్య స్థితియని దానికి అర్థము చెప్పుకొనవచ్చును.

ఇది కొత్తగా పుట్టిన వ్యాధి కాదు. 1902లో లండను నగరమున రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ సభలో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు, తెలివితేటలలో లోపము లేకున్నను తమ్ముతాము అదుపులో ఉంచుకొనజాలని బాలబాలికలనుగూర్చి ఉపన్యసించెను. ఆయన దానిని నైతిక నియంత్రణలోని లోపమని పేర్కొనెను. ఆ పేరు తరువాత పోయినది గాని, ఆ భావము మాత్రము మన యిండ్లలోనుండి నేటికిని పోలేదు. కుదురు లేదనియు, కొవ్వెక్కినదనియు, తల్లి గారాబముచేత చెడినాడనియు, గాలి సోకినదనియు చుట్టములు తలకొక మాట అందురు, తాయెత్తు కట్టింతురు. నేటి వైద్యశాస్త్రము చెప్పునది వేరు. పండ్రెండేండ్ల వయస్సునకు ముందే లక్షణములు కొన్ని కనబడియుండవలెను. ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనను కనబడవలెను. ఆరు నెలలకు తక్కువకాకుండ నిలిచియుండవలెను. నిత్యజీవితమునకు ఆటంకము కలిగించుచుండవలెను. ప్రపంచమున నూరుమంది పిల్లలలో సుమారు అయిదుగురికి ఇది యున్నదని స్థూలమైన అంచనా. కవల పిల్లలను పరిశీలించి చేసిన అధ్యయనములనుబట్టి చూడగా, దీని కారణములలో వంశానుగతమైన పాలు దాదాపు నాలుగింట మూడువంతులని తేలినది. ఎత్తు తల్లిదండ్రులనుండి వచ్చినట్లే ఇదియు వచ్చును. తల్లి పెంపకము దీనికి కారణము కాదు.

రెండు చోట్ల కనబడవలెనన్న నియమమును పాఠకులు ఒక్కక్షణము ఆలోచింపవలెను. వైద్యుని గది ఆ రెండు చోట్లలో ఏదియు కాదు. కొత్తచోటను చూచిన బెరుకుచేత అచ్చట ఆ బాలుడు పది నిమిషములు బుద్ధిమంతుడై కూర్చుండవచ్చును. కావున ఉపాధ్యాయురాలు చూచినది, తల్లి చూచినది వైద్యుని చెవిని పడనిదే వ్యాధినిర్ణయమే సాధ్యము కాదు. అనగా సమన్వయమనునది చికిత్సకు పైనుండి తగిలించు అలంకారము కాదు. నిర్ధారణకే అది పునాది.

పైగా ఈ స్థితి ఒంటరిగా వచ్చుట అరుదు. మన దేశమున అయిదుచోట్ల రెండేండ్లనుండి తొమ్మిదేండ్లవరకు వయస్సుగల దాదాపు నాలుగువేలమంది పిల్లలను పరీక్షించి 2018లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనమున్నది. ఆ అయిదుచోట్లలో హైదరాబాదు ఒకటి. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, ఆటిజం, చదువులో వెనుకబాటు, అవధానలోపము మొదలైన తొమ్మిది స్థితులలో ఏదో యొకటియైనను దాదాపు ప్రతి ఎనిమిదిమందిలో ఒకరికి ఉన్నట్లును, అట్టివారిలో సుమారు అయిదవవంతు మందికి ఒకటికి మించి ఉన్నట్లును అందు తేలినది. అక్షరములు కూడి చదువుట కష్టమైన పిల్లవాడు పుస్తకము మూసి కిటికీలోనికి చూచును. చెవి సరిగా వినబడనివాడు చెప్పినది చేయడు. రాత్రి గురకచేత నిద్ర చెడినవాడు పగలు చిటపటలాడును. వీరిలో ఎవరిది అవధానలోపము, ఎవరిది కాదు, ఎవరికి రెండును కలవు అని తేల్చుటకు కంటివారు, చెవివారు, మాటలవారు, మనస్సువారు అందరును కావలెను. ఇందరు కావలసివచ్చుట దోషము కాదు. ఇందరి మాటలను ఒకచోట కలుపువారు ఒకరు లేకపోవుటయే దోషము.

ఈ ఒకరు ఉన్నచో ఏమగును, లేనిచో ఏమగునన్న ప్రశ్నకు 1999లో అమెరికాలో ప్రకటితమైన ఒక మహాపరీక్ష సమాధానము చెప్పినది. ఆ దేశపు జాతీయ మానసికారోగ్య సంస్థ పూనికతో, ఏడేండ్లనుండి పదేండ్లలోపు వయస్సుగల 579మంది పిల్లలను నాలుగు జట్లుగా విడదీసి, పదునాలుగు నెలలపాటు చికిత్స చేసిరి. మొదటి జట్టునకు జాగ్రత్తగా పర్యవేక్షించిన మందు. రెండవ జట్టునకు తల్లిదండ్రులకును బాలునకును బడికిని ఇచ్చిన ప్రవర్తనా శిక్షణ. మూడవదానికి ఈ రెండును. నాలుగవ జట్టువారిని వారి వారి ఊళ్లలోని వైద్యులకే విడిచిపెట్టిరి. పరీక్ష ముగిసిన తరువాత చూడగా, ముఖ్యలక్షణముల విషయమున మొదటి, మూడవ జట్లు మిగిలిన రెండింటికంటె మెరుగుగా నుండెను.

మందు గొప్పదని దీని అర్థమనుకొని చాలమంది అక్కడనే ఆగిపోవుదురు. కాని నాలుగవ జట్టులోని పిల్లలలో మూడింట రెండువంతుల మంది కూడ మందు పుచ్చుకొనుచునే యుండిరి! అదే జాతి మందు, అదే దేశము, అదే వయస్సు. భేదమెక్కడ? పరీక్షలోని వైద్యులు మొదటి నాలుగు వారములు మోతాదును మార్చి మార్చి చూచి, తల్లియు ఉపాధ్యాయుడును ఇచ్చిన గుణదోషవివరములనుబట్టి ప్రతి బాలునకును తగినదానిని నిర్ణయించిరి; అటుపిమ్మట నెలకొకసారి అరగంటసేపు చూచిరి; బడివారి అభిప్రాయమును తెప్పించుకొనిరి. ఊరి వైద్యులు ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదియును కొద్దిసేపు మాత్రమే చూచిరి, బడితో వారికి మాటలు లేవు, మోతాదులు తక్కువగానుండెను. రెండును కలిపి చేసిన మూడవ జట్టువారికి మొదటి జట్టుకంటె తక్కువ మోతాదే సరిపోయెను. మూడేండ్లు గడచునప్పటికి నాలుగు జట్ల నడుమ భేదము మాసిపోయినది. ప్రత్యేక పర్యవేక్షణ పదునాలుగవ నెలతో ముగిసియుండుటయే కారణమని కొందరును, కాదని కొందరును పండితులు నేటికిని వాదించుచున్నారు. నా మట్టుకు నాకు ఆ పరీక్షలో అన్నింటికంటె విలువైన అక్షరములు మందు పేరు కాదు. నెలకొకసారి, అరగంటసేపు, బడివారితో మాటలాడి అన్న మూడు ముక్కలే.

ఇక మన వ్యవస్థను చూతము. చెప్పుకొనదగినది లేకపోలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమను పథకము 2013లో ఆరంభమైనది. పుట్టుకనుండి పదునెనిమిదేండ్లవరకు పిల్లలలో వెదుకవలసిన ముప్పది స్థితుల పట్టికలో అవధానలోపము పేరుపెట్టి చేర్చబడియున్నది. వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి పోవలెను. అనుమానమున్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. ఆ కేంద్రములో పిల్లల వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, మాటల నిపుణుడు, ప్రత్యేకోపాధ్యాయుడు, సోషల్ వర్కరు అందరును ఒకే కప్పుక్రింద ఉండవలెను. వీరందరిని కలిపి నడపుటకు మేనేజరు ఒకరుండవలెను. అనగా నేను కోరుచున్న ఆ యొకరికి కాగితముమీద కుర్చీ ఇదివరకే వేయబడియున్నది.

కాని చిక్కు వేరొకచోట నున్నది. ఆ కేంద్రములలో చికిత్స ముఖ్యముగా ఆరేండ్లలోపు వారికే ఉద్దేశింపబడినది. ఆరు దాటినవారిని కేంద్రమునుండి మామూలు ప్రభుత్వాసుపత్రులకు పంపవలెనని విధానము. అవధానలోపము బయటపడునది ఎప్పుడు? ఒకటవ తరగతిలో పలక వదలి పుస్తకము పట్టినపుడు, మూడవ తరగతిలో నాలుగు వరుసల లెక్క చేయవలసివచ్చినపుడు. అనగా సరిగా ఆ ఆరవయేడు దాటిన పిమ్మటనే. చుట్టమును ఆహ్వానించిన తలుపు ఆ చుట్టము వచ్చువేళకు మూయబడినట్లున్నది. ప్రైవేటు బడులలో చదువు పిల్లలు, వారు మన పట్టణములలో తక్కువమంది కారు, ఆ వైద్యబృందముల కంటనే పడరు. మండలములలో ప్రత్యేకావసరములుగల పిల్లలకై భవిత కేంద్రములున్నవి. అందలి ఉపాధ్యాయులు ఓర్పుగలవారు. కాని ఆ ఉపాధ్యాయునికిని మందు వ్రాయు వైద్యునికిని నడుమ ఉత్తరప్రత్యుత్తరములకు ఏర్పాటు లేదు.

మందు సంగతి మరింత చిక్కైనది. ఈ స్థితికి ప్రధానముగా వాడు మిథైల్‌ఫెనిడేట్ మన మందుల నిబంధనలలో షెడ్యూల్ ఎక్స్ అను కఠినమైన పట్టికలో నున్నది. ప్రత్యేక లైసెన్సుగల దుకాణమువాడే దానిని అమ్మవలెను. చీటి రెండు ప్రతులుగా వ్రాయవలెను. ఒక ప్రతిని దుకాణదారుడు రెండేండ్లు భద్రపరుపవలెను. 2020నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకములప్రకారము ఈ పట్టికలోని మందును ఫోనులో చూచి వ్రాయుటకు వీలులేదు. దుర్వినియోగమును అరికట్టుటకు పుట్టిన ఈ నియమములను నేను తప్పుపట్టను. కాని వీని ఫలితమును అనుభవించునది నలుబది కిలోమీటర్ల దూరమునుండి వచ్చు తల్లి. చీటియున్నను దుకాణము దొరకదు. దుకాణము దొరకినను ఆనాడు సరకుండదు. రెండవ ప్రతి లేదని మరల పంపుదురు. మాత్రలు మూడు మిగిలియుండగా బయలుదేరినచో ఆలస్యమే. పది మిగిలియుండగా బయలుదేరవలెను. ఈ సంగతి ఆమెకు చీటి యిచ్చిననాడే ఎవరైనను చెప్పియుండవలసినది. ఆ పట్టికలో లేని అటమాక్సెటిన్ వంటి మందులు కూడ కలవు. ఏది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. ఆరేండ్లలోపు పిల్లలకైతే మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ యియ్యవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది.

ఇప్పుడొక ముఖ్యమైన మాట. నెలవారీ తేదీలు గుర్తుంచుకొనుట, కాగితములు సర్దుకొనుట, మందు అయిపోకముందే తెచ్చుకొనుట, నలుగురు చెప్పిన నాలుగు మాటలను ఒకటితో ఒకటి పోల్చుకొనుట, ఇవియన్నియు అవధానమునకు సంబంధించిన పనులు. అవధానము కొరవడినవానికి చికిత్స పేరిట మనము పెట్టుచున్న షరతు అవధానమే! వాడు పిల్లవాడైనచో ఆ భారము తల్లిదండ్రులమీద పడును. వంశానుగతమగుటచేత, ఆ తల్లికో తండ్రికో కూడ ఇదే స్థితి తెలియకుండ ఉండుటకు అవకాశము మెండు. కుంటివానికి వైద్యశాలను కొండమీద కట్టినట్లు మనమీ వ్యవస్థను కట్టితిమి. వాయిదాకు రాలేదని, మందు మానివేసినారని వారిని మందలించుట ఎంతటి అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు. క్షయరోగి మందు మానివేసినచో ఆరోగ్య కార్యకర్త ఇల్లు వెదకికొని పోవుట మనదేశమున ఎరిగినదే. రోగి మరచినను వ్యవస్థ మరువకూడదని అక్కడ అంగీకరించితిమి. ఇక్కడ అంగీకరింపకుండుటకు కారణము నాకు కనబడుట లేదు.

మా వీధి కోడలి కథ ఆ బస్సులో ముగియలేదు. తరువాతి నెలలో వేరొకచోట ఒక సోషల్ వర్కరు, వయస్సున చిన్నది, ఆ ప్లాస్టిక్ సంచిని బల్లపై క్రుమ్మరించి, కాగితములను తేదీల వరుసలో పేర్చి, రెండువందల పుటల లాంగ్ నోట్‌బుక్కులో అంటించెను. ఎడమపుట ఇంటికి, కుడిపుట బడికి. నిద్రించిన వేళ, అన్నము తిన్న తీరు, మాత్ర వేసిన సమయము తల్లి వ్రాయవలెను. క్లాసులో ఎన్ని లెక్కలు పూర్తిచేసెనో, ఎన్నిసార్లు లేచెనో టీచరు వారమునకొకసారి రెండు వాక్యములు వ్రాయవలెను. చివర నాలుగు గళ్లు గీచెను: ఎత్తు, బరువు, నాడి, రక్తపుపోటు. ఈ గళ్లకు ఆధారమున్నది. మందు పుచ్చుకొను పదేండ్లలోపు పిల్లల బరువును మూడు నెలలకొకసారి, ఎత్తును ఆరు నెలలకొకసారి, నాడిని, రక్తపుపోటును మోతాదు మార్చిన ప్రతిసారియు, అది గాక ఆరు నెలలకొకసారియు చూడవలెనని బ్రిటను దేశపు వైద్య ప్రమాణ సంస్థ నైస్ 2018లో నిర్దేశించినది. మందు ఆకలిని తగ్గించును, నాడిని కొంత వేగిరపరుచును గనుక. ఆ యమ్మాయి బడికి తానే ఫోను చేసెను. పిల్లవానిని కిటికీకి దూరముగా మొదటి బల్లమీదికి మార్చిరి. ఒకసారి ఒక పనియే చెప్పుచున్నారు. నడుమ నడుమ సుద్దముక్కలు తెమ్మని ఆఫీసుగదికి పంపుచున్నారు, అదియే వానికి లేచి తిరుగుటకు అనుమతి.

అద్భుతములు జరుగలేదు. వాడు నేటికిని చెప్పులు ఎక్కడనో మరచివచ్చును. కాని కుడిపుటలో రెండు లెక్కలని వ్రాసియున్నచోట ఇప్పుడు అయిదని కనబడుచున్నది. మధ్యలో ఒక నెల బరువు తగ్గినట్లు గడిలో కనబడగా, వైద్యుడు మాత్రను ఉదయపు టిఫిను తరువాతికి మార్చి, రాత్రి అన్నము ఆలస్యముగానైనను కడుపునిండ పెట్టుమనెను. ఆ అంకె వ్రాయబడియుండకున్నచో ఆ సలహా పుట్టెడిది కాదు.

ఆడపిల్లల సంగతి వేరు. వారిలో చాలమంది గంతులు వేయరు. చివరి బల్లలో నిశ్శబ్దముగా కలలు కనుచు కూర్చుందురు. ఎవరికిని ఇబ్బంది కలిగింపరు గనుక ఎవరును వైద్యునివద్దకు తీసికొనిపోరు. పదునెనిమిదేండ్లు నిండినవారి సంగతి అంతకంటె కష్టము. పిల్లల వైద్యుడు నీవిక పెద్దవాడవని పంపివేయును; పెద్దల వైద్యుడు మొదటినుండి కథ చెప్పుమనును; ఆ నడుమ సరిగా ఇంటరు ముగిసి హాస్టలులో చేరువేళకు, తల్లి కాపలా తొలగినవేళకు, దారము తెగును. వయస్సుతో ఈ స్థితి కొందరిలో సన్నగిల్లును గాని అందరిలో మాసిపోదు. ఆ దాటు దాటించుటకు ఒక యేడాది ముందే పాత వైద్యుడు కొత్త వైద్యునకు స్వయముగా ఉత్తరము వ్రాయవలెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమున పేర్కొనిన ఇరువదియొక్క వైకల్యములలో దీని పేరు విడిగా లేదు. చదువులోని ప్రత్యేక వైకల్యము మాత్రమున్నది. అందుచేత పరీక్షలలో సదుపాయము కోరువారికి ఏ కాగితము పనికివచ్చునో ముందుగా తెలిసి చెప్పువారు అవసరము.

జిల్లా అధికారులకు నా విన్నపమొక్కటే: సత్వర చికిత్సా కేంద్రముల తలుపును ఆరేండ్లు దాటిన ఈ పిల్లలకు కూడ తెరచియుంచుడు, ప్రతి పిల్లవాని పేరుకు ఎదురుగా, వాని సంగతి మొత్తము ఎరిగిన ఒక ఉద్యోగి పేరు వ్రాయుడు. తల్లిదండ్రులకు: ఎక్కడినుండి మొదలుపెట్టవలెనో తెలియనిచో, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వ మానసికారోగ్య ఫోను సేవకు 14416 నంబరున ఫోను చేయుడు, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును. షెడ్యూల్ ఎక్స్ మందును ఫోనులో వ్రాయరుగాని, దగ్గర ఎవరున్నారో చెప్పుదురు. ఏ వైద్యశాలకు పోయినను, చీటి పుచ్చుకొని లేచుటకు ముందు, "మా బాబు విషయం మొత్తం చూసేది ఎవరండి?" అని అడుగుడు. ఆ పేరును, ఫోను నంబరును మీ నోట్‌బుక్కు మొదటి పుటలో వారిచేతనే వ్రాయించుకొని రండు.